గుర్రం కాళ్లు ఎలా ఉంటాయి?

మనలో చాలామందికి బొమ్మలు వేసే సరదా ఉంటుంది. వాకిట్లో ముగ్గు వేస్తాం. గోడ మీద నెమలిని గీస్తాం. తీరిక దొరికితే కాగితం మీద రంగులు వేసేవాళ్లూ ఉన్నారు.

మీరు సరదాగా ఒక గుర్రప్పందెం బొమ్మ వేస్తున్నారనుకోండి. హైదరాబాదు మలక్‌పేటలో జరుగుతాయే, అలాంటి పందెం. ఆకాశం అయింది. గడ్డి అయింది. గుర్రాల మీద రౌతులూ అయ్యారు. కాళ్లు మాత్రం మిగిలాయి. పరుగెత్తే గుర్రానికి కాళ్లు ఎలా వేయాలి? అక్కడే చెయ్యి ఆగిపోతుంది.

సిగ్గుపడకండి. పేరున్న చిత్రకారులే ఇక్కడ పొరపాటు పడ్డారు.

ఫ్రాన్సు దేశంలో జెరికో అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయనకి గుర్రాలంటే ప్రాణం. 1821లో ఇంగ్లండులోని ఎప్సం గుర్రప్పందెం బొమ్మ వేశాడు. అందులో నాలుగు గుర్రాలు. వాటి ముందుకాళ్లు ముందుకి చాచి ఉంటాయి. వెనకకాళ్లు వెనక్కి చాచి ఉంటాయి. ఒక్క కాలూ నేలకి ఆనదు. అప్పట్లో చాలామంది అలాగే వేసేవాళ్లు.

నిజంగా గుర్రం అలా పరుగెత్తదు. మరి వాళ్లకి ఎందుకు తెలియలేదు? మన కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు. జోరుగా తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలమా? ఇదీ అంతే.

1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు ఒక ఉపాయం చేశాడు. గుర్రం పరుగెత్తే బాట పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టాడు. బాటకి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం ఒక్కో దారాన్ని తెంపగానే ఒక్కో కెమెరా ఫోటో తీసింది.

ఆ ఫోటోలతో అసలు సంగతి బయటపడింది. నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం ఒకటి ఉంది. కానీ అప్పుడు కాళ్లు చాచి ఉండవు. పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి. కాళ్లు బాగా చాచినప్పుడు ఏదో ఒక కాలు నేల మీద ఉంటుంది.

ఇక మీ బొమ్మ పూర్తి చేయండి. ఒక గుర్రానికి కాళ్లు ముడిచి వేయండి. ఇంకో గుర్రానికి ఒక కాలు నేలకి ఆనించండి. అన్నింటికీ ఒకేలా వేయకండి. ముందున్న గుర్రాన్ని స్పష్టంగా గీయండి. వెనకవాటిని కాస్త మసకగా వదిలేయండి. గిట్టల దగ్గర కొంచెం దుమ్ము రేపండి. తర్వాత బొమ్మని అద్దంలో చూడండి. కుడి ఎడమలు మారేసరికి తప్పులు తొందరగా కనిపిస్తాయి. వాటిని దిద్దుకోండి. ఆ తర్వాత కుంచె కడిగి పక్కన పెట్టేయండి. ఇంకా ఇంకా దిద్దుతూ ఉంటే బొమ్మ చెడుతుంది.

జెరికో బొమ్మ ఇప్పటికీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కాళ్లు తప్పే. అయినా అందులో గుర్రాల వేగం కనిపిస్తుంది. అందుకే జనం దాన్ని చూస్తారు. తప్పు వస్తుందేమోనని ఆయన కుంచె దించలేదు. మనం మాత్రం ఎందుకు దించాలి?

మీరే చూడండి: మీ వీధిలో నడిచే ఎద్దు ముందుగా ఏ కాలు వేస్తుంది? ఆ తర్వాత ఏ కాలు కదుపుతుంది?