పాలీహౌస్ కప్పు మీద పడే వాన



హోసూరు, తళి, బాగలూరు పల్లెల్లోనూ, సరిహద్దుకు అవతల కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లోనూ పాలీహౌస్‌లు మనకు కొత్త కాదు. గులాబీ, జెర్బెరా, క్యాప్సికం వాటిలో పండుతున్నాయి. ఎండావానల బెడద తగ్గుతుంది, పంట నాణ్యంగా వస్తుంది. డ్రిప్ ఉంది కదా, నీళ్లు ఆదా అవుతున్నాయనీ అనుకుంటాం. అయితే ఈ లెక్కలో ఒకటి మరిచిపోతున్నాం.

ప్లాస్టిక్ కప్పు వేసిన రోజు నుంచి ఆ నేలకు వాన దక్కదు. లోపల మాత్రం ఏడాది పొడుగునా బోరు నీళ్లు తోడుతాం. అంటే భూమిలోంచి తీసేది ఆగదు, భూమిలోకి పోయేది ఆగిపోయింది. పైగా కప్పు మీది నీళ్లు ఒక్కసారిగా జారి పక్క చేనులో పడతాయి. "అన్నా, నీ షెడ్డు నీళ్లు నా గట్టును కోసేస్తా ఉండాయి" అని పక్క రైతు అంటే, అందులో తప్పేముంది?

కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఏడాదంతా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటిన ఊళ్లు ఎన్నో. అందుకే పాలీహౌస్‌ను పర్యావరణానికి మేలుగా నడపాలంటే మొదట చూడవలసింది కప్పు మీది వాననే.

లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పది గుంటల పాలీహౌస్, అంటే పాతిక సెంట్లు, సుమారు 1000 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిస్తే 7 లక్షల లీటర్లు. ఐదో వంతు వృథాగా పోయినా 5 లక్షల 60 వేల లీటర్లు మిగులుతాయి. చదరపు మీటరుకు రోజుకు 4 లీటర్ల చొప్పున ఇస్తే, ఈ నీరు 140 రోజులకు సరిపోతుంది.

అంత నీటినీ ఒకేసారి నిలవ చేయనక్కరలేదు. 2 లక్షల లీటర్లు పట్టే కుంట చాలు. వానాకాలంలో అది నిండుతూ, వాడుకుంటూ ఉంటే మళ్లీ నిండుతుంది. కప్పు అంచులకు తూము రేకులు బిగించి, గొట్టంతో కుంటలోకి వదలాలి. కుంట అడుగున ప్లాస్టిక్ షీటు, పైన నీడ వల వేస్తే ఇంకడం, ఆవిరి కావడం, పాచి పట్టడం తగ్గుతాయి. పిల్లలు, పశువులు పడకుండా చుట్టూ కంచె తప్పనిసరి. పొంగిన నీటిని రాళ్లు, కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంతలోకి పంపాలి.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. లోతు బోరు నీటిలో ఉప్పులు ఎక్కువగా ఉంటే డ్రిప్ రంధ్రాలు మూసుకుపోతాయి. వాన నీటిలో ఉప్పులు బహు తక్కువ. రెండూ కలిపి వాడితే ఆ బాధ తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. మొక్కల మడుల నుంచి కారే నీటిలో ఎరువులు, మందులు ఉంటాయి. దాన్ని ఇంకుడు గుంతలోకి పోనివ్వకండి, బోరు చెడుతుంది. మల్బరీ తోటకూ వదలకండి. పురుగుమందు అంటిన ఆకు తింటే పట్టుపురుగులు చస్తాయి. గట్టు మీది సిల్వర్ ఓక్ వంటి కలప చెట్లకు పెట్టండి.

ఇక కరెంటు సంగతి. మన పీఠభూమి వాతావరణంలో చాలా పంటలకు ఫ్యాన్లు అక్కరలేదు. శిఖరాన గాలి పోయే సందు, పక్కల ఎత్తి దించే తెరలు ఉంటే చాలు. పురుగులు రాకుండా సన్న వల, రెండు తలుపుల గది, జిగురు అట్టలు పెట్టుకుంటే మందు కొట్టడం తగ్గుతుంది. మూసిన చోట మందు కొడితే అది ముందుగా తగిలేది లోపల పనిచేసే కూలీలకే.

కప్పు షీటు కొన్నేళ్లకు పాడవుతుంది. దాన్ని తగలబెట్టవద్దు, ఆ పొగ విషం. ప్లాస్టిక్‌ను బహిరంగంగా కాల్చనివ్వకుండా చూడవలసిన బాధ్యతను 2016 నియమాలు పంచాయతీల మీద పెట్టాయి. దుమ్ము దులిపి, చుట్ట చుట్టి, పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇవ్వండి.

రైతు సోదరులారా, సోదరీమణులారా! వచ్చే వానకు ముందే ఒకసారి మీ కప్పును కొలవండి. దాని మీద పడే నీరు ఎటు పోతోందో నడిచి చూడండి. భూమికి దక్కవలసిన వాటాను భూమికి తిరిగి ఇస్తే, మీ బోరూ నిలుస్తుంది, పక్క రైతు బోరూ నిలుస్తుంది.