పాఠము మారవలసినపుడు

కాలము మారినప్పుడెల్ల పాఠ్యక్రమమును మారవలెనని అందరును అందురు. కాని ఆ మార్పునకు మొదలు ఎక్కడ? ప్రభుత్వపు ఉత్తర్వునందా, పరీక్షాపత్రమునందా, తరగతిలో నిలిచి పాఠము చెప్పు ఉపాధ్యాయునియందా? ఈ ప్రశ్నను పరిశీలించుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో మన తెలుగునాటనే జరిగిన ఒక ఉదంతము చాలును.

1906లో జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిరి. బాలురు ఇంట మాటాడు తెలుగు ఒకటి, బడిలో వ్రాయు తెలుగు మరియొకటి యగుట వారికి వింతగా తోచెను. తల్లితో ‘చేశాను’ అను బాలుడు కాగితముపై ‘చేసితిని’ అని వ్రాయవలెను. భావము కంటె ముందు రూపమును వెదకుకొను పిల్లవానికి వ్యాసరచన శిక్షగా మారుట సహజమే కదా!

యేట్సుగారు వెంటనే ఉత్తర్వు వ్రాయలేదు, తెలిసినవారిని అడిగిరి. విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాలకు అధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారును, గురజాడ అప్పారావుగారును, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారును ఈ విచారణలో పాలుగొనిరి. పాఠశాలకు పెద్దయైనవాడు ముందుగా చేయవలసిన పని యిదియే యని మేము తలంచుచున్నాము. పాఠము తలకెక్కని చోట పిల్లవానిని నిందింపక, పాఠమునే ప్రశ్నింపవలెను.

రామమూర్తిగారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పర్లాకిమిడి పరిసరముల కొండలలోని సవరల భాషను వారు స్వయముగా అభ్యసించి, ఆ పిల్లలకు వారి నుడిలోనే వాచకములు వ్రాసి, బడులు నడిపించిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథమును ప్రకటించిరి. సవర బాలునికి సవరభాష వంటిదే తెలుగు బాలునికి వాడుక తెలుగు అని వారికి తోచుటలో ఆశ్చర్యమేమున్నది?

ఈ కృషి ఫలితముగా 1912–13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వాడుకభాషలోనైనను వ్రాయవచ్చునని అనుమతి లభించెను. వెంటనే వివాదము చెలరేగెను. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును నెలకొల్పిన జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పండితులు ఎదురు నిలిచిరి. వారి ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. వాడుక యనగా ఏ సీమ వాడుక? ఏ వర్గము వాడుక? పిల్లలకు ప్రాచీన కావ్యములు దూరమైపోవా? ప్రశ్నలు సమంజసములే. గ్రంథభాషకును తన స్థానము కలదు. ఈ పంక్తులే అందుకు సాక్ష్యము. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రమున విపులముగా వాదించినను ప్రయోజనము లేకపోయెను. పరీక్షలో ఇచ్చిన అనుమతి రద్దయ్యెను. మరుసటి సంవత్సరమే గురజాడవారు కాలధర్మము నొందిరి.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఒక్క ఉత్తర్వుతో వచ్చిన మార్పు మరియొక ఉత్తర్వుతో పోయెను. క్రొత్త రీతిలో బోధించుటకు తగిన వాచకములు గాని, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు గాని, నమ్మిన తలిదండ్రులు గాని అప్పటికి చాలినంతగా లేరు. పునాది లేని మేడ యెంతకాలము నిలుచును?

రామమూర్తిగారు ఆ పునాదిని వేయుటకు పూనుకొనిరి. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను నడిపిరి. ఆ సంవత్సరమే రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము వెలసెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులు. ఊరూర సభలు, వాదములు సాగెను. 1940లో రామమూర్తిగారు కన్నుమూసిరి. ఆ తరువాతి దశాబ్దములలో వాడుకభాష పాఠ్యపుస్తకములలో ప్రవేశించి స్థిరపడెను. వారి జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. 2004లో ఆంధ్రప్రదేశమున గిరిజన బాలలకు మాతృభాషలలో ప్రాథమిక బోధన ఆరంభించినపుడు, ఎంచుకొనిన ఎనిమిది భాషలలో సవర యొకటి.

నేడును పాఠ్యక్రమములు మారుచునే యున్నవి. బోధనాభాషను గూర్చి, యంత్రవిద్యను గూర్చి ప్రతి యింటను చర్చ సాగుచున్నది. ప్రధానోపాధ్యాయులు క్రొత్త పాఠమును చేపట్టుటకు ముందు తమ ఉపాధ్యాయులను అడుగవలెను, వారిని సిద్ధపరుపవలెను, తలిదండ్రులకు కారణము చెప్పవలెను. తలిదండ్రులు చేయదగిన పరీక్షయు ఒకటి కలదు. సాయంకాలము పిల్లవానిచేత పుస్తకము మూయించి, నేటి పాఠమును నీ మాటలలో చెప్పు మనుడు. చెప్పగలిగెనా, పాఠ్యక్రమము సరిగా నడచుచున్నట్లే. పుస్తకపు వాక్యమును మాత్రమే వల్లించెనా, మరునాడు బడికి పోయి మర్యాదగా ఒక మాట అడుగుట మీ బాధ్యత.