లెక్కల కొలువంటే బ్యాంకు ఒక్కటేనా?

మంగళగిలో బీకాం పూర్తిచేసిన పిల్లల్ని ఏం చేయాలనుకుంటున్నారని అడిగితే, తల్లిదండ్రులే ముందుగా "బ్యాంకు పరీక్ష రాస్తున్నాడండీ" అంటారు. మంచిదే. కానీ డబ్బు వ్యవహారం చూసే కొలువులు ఇంకా చాలా ఉన్నాయి.

మన బీదర్ జిల్లాలో కంది పంట డిసెంబరు, జనవరి నెలల్లో చేతికొస్తుంది. పప్పు మిల్లు యజమాని ఆ కొద్ది వారాల్లోనే కందులు కొనిపెట్టుకోవాలి. పప్పు అమ్ముడయ్యేది మాత్రం ఏడాది పొడుగునా. కొనుగోలు బిల్లులు ట్యాలీలో ఎక్కించి, జీఎస్టీ రిటర్ను వేసేది అకౌంటెంట్. కిలో పప్పుకు ఎంత ఖర్చయిందో తేల్చేది కాస్ట్ అకౌంటెంట్. పుస్తకాలు సరిగా ఉన్నాయో లేదో బయటినుంచి వచ్చి చూసేవాడు ఆడిటర్. మరి కొనడానికి సొమ్ము ఎక్కడిది, బ్యాంకులో ఎంత అప్పు తేవాలి, వడ్డీ పెరగకముందే సరుకు ఎప్పుడు వదలాలి? ఇవి చూసేవాడే ఫైనాన్స్ మేనేజరు. చిన్న మిల్లులో ఇవన్నీ యజమానే చూసుకుంటాడు. జహీరాబాద్ మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం వంటి చోట ఒక్కో పనికీ వేర్వేరు మనుషులు కావాలి.

సీఏ చదువు కష్టమే, అందులో దాపరికం లేదు. అయితే కామర్స్ డిగ్రీలో 55 శాతం వస్తే ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. మూడేళ్ల ఆర్టికల్‌షిప్ కూడా 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్లయింది.

సహకార సంఘాలను చిన్నచూపు చూడొద్దు. దేశంలో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకాన్ని కేంద్రం 2022 జూన్‌లో ఆమోదించింది. మా కాలంలో లెడ్జరు మోయగలిగితే చాలేది! ఇప్పుడు కంప్యూటరు మీద కూర్చోక తప్పదు.

రాష్ట్ర ఖజానా, ఆడిట్ శాఖల పోస్టులకు 371జె అర్హత పత్రం ముఖ్యం. 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈ ఏర్పాటు ప్రకారం కళ్యాణ కర్ణాటకలో గ్రూప్ సి పోస్టుల్లో 80 శాతం స్థానికులవే. బ్యాంకులకు ఇది వర్తించదు.

మన తెలుగు ఇళ్లవారు ముఖ్యంగా గమనించాల్సింది భాష సంగతి. గ్రామీణ బ్యాంకు కొలువుకు ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. కర్ణాటక వైపు కన్నడం, తెలంగాణ వైపు తెలుగు. మన పిల్లలకు బడిలో కన్నడం వస్తుంది, ఇంట్లో తెలుగు వస్తుంది, కాని తెలుగు అక్షరాలు రావు. అందువల్ల హైదరాబాదు వైపు దారి సగం మూసుకుపోతోంది. మాట్లాడే భాషకు అక్షరాలు నేర్పడం ఒక్క వేసవి సెలవుల పని. కన్నడం చదివినట్లు చూపే బడి మార్కుల జాబితాను కూడా జాగ్రత్త చేయండి. ధ్రువపత్రాల పరిశీలన రోజున మొదట అడిగేవాటిలో అదొకటి.