బొంత ముక్కలకు కొలబద్ద



పొందిక లేని పనిని మనం "అతుకుల బొంత" అని తీసిపారేస్తాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టినా పేపర్లవాళ్లు ఆ మాటే వాడతారు. బొంత కుట్టిన చెయ్యి మాత్రం ఆ మాట అనదు. అతుకు కుదరడానికి ఎంత లెక్క కావాలో దానికి తెలుసు.

మన అమ్మమ్మల బొంతకు ఇంత కొలత అక్కర్లేదు. పాత చీరలు పొరలుగా పరిచి, చిరుగున్నచోట ఒక ముక్క వేసి, సూదితో వరసగా కుట్టుకుంటూ పోయేవారు. ఈమధ్య మనవాళ్లు సరదాపడుతున్నది చతురస్రాలూ త్రిభుజాలూ కోసి, ముగ్గులాగా అమర్చి మిషను మీద కుట్టే రకం. ఇందులో కొలత తప్పితే ముగ్గు చెదిరిపోతుంది. పైగా ఇంట్లో అమ్మ కట్టి విడిచిన చీర ఒక్కటే వుంటుంది. దాన్ని తప్పుగా కోశామంటే మళ్లీ ఏ కొట్లోనూ దొరకదు. అందుకే స్కేలు సంగతి ముందు తెలుసుకుని, కత్తెర తరువాత పట్టమంటాను.

బొంత స్కేలు దళసరి పారదర్శకపు ప్లాస్టిక్ పలక. దీనిమీద అంగుళాలు, పావు అంగుళాలు, 45, 60 డిగ్రీల ఏటవాలు గీతలు వుంటాయి. అడుగునున్న పువ్వు పైకి కనిపిస్తుంది గనుక, పువ్వు ముక్క మధ్యకు వచ్చేటట్టు చూసుకుని కోసుకోవచ్చు. ఇవి అమ్మే చోట 6½ అంగుళాల చదరపు పలక చూసి "ఈ అర ఎందుకమ్మా?" అని చాలామంది అడుగుతారు. కుట్టు లోపలికి పోయే పావు అంగుళం రెండు పక్కలా కలిపితే అర. ఆరున్నర కోస్తే కుట్టిన తరువాత నికరంగా ఆరు మిగులుతుంది.

ఆ పావు అంగుళమే ఈ విద్యకంతా ప్రాణం. మిషను పాదం అంచు పట్టుకుని కుడితే సరిగ్గా పావు వస్తుందని నమ్మకండి. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చెయ్యండి. నడిమి పట్టీ సరిగ్గా ఒక అంగుళం వుంటే మీ కుట్టు సరైనదే. లేకపోతే సూదినుంచి పావు అంగుళం కొలిచి, మిషను పలక మీద ఒక టేపు ముక్క అంటించి దాన్ని ఆనుకుని కుట్టండి. ప్రతి కుట్టులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయిందనుకోండి. ముక్కకు రెండు పక్కలా కలిపి ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఎనిమిది ముక్కల వరసలో ఒక అంగుళం మాయమైనట్టే!

ఇక త్రిభుజాలు. చాలామంది చిక్కుపడేది ఇక్కడే. రెండు రంగుల త్రిభుజాలు కలిపిన 3 అంగుళాల చతురస్రం కావాలంటే, మామూలు స్కేలుతో ఒక్కో రంగులో 3⅞ అంగుళాల చతురస్రం కోసి, మూలనుంచి మూలకు రెండు చెయ్యాలి. అర కాకుండా ఏడు సూత్‌లు ఎందుకు కలపాలంటే, ఐమూల కుట్టుకు కూడా పావు వదలాలి. ఆ వదిలింది అంచు మీద ఎక్కువ పొడవు తింటుంది. అయితే త్రిభుజాలకని విడిగా వచ్చే స్కేలు ఒకటుంది. దాని కొన మొండిగా వుంటుంది. ఆ కొసను ముందే తీసేశారు గనుక పట్టీని 3½ వెడల్పు కోస్తే చాలు. ఈ స్కేలు చేతిలో పెట్టుకుని పాత అలవాటున ఏడు సూత్‌లు కలిపేవాళ్లు ముక్కలు పెద్దవై విసుక్కుంటారు. కొత్త స్కేలు కొన్నప్పుడు అది కుట్టు వదిలే కొలతను తనలో కలుపుకుందా లేదా అన్నది మొదట చూడాలి.

ఐమూల అంచు క్రాసు మీద వుంటుంది, లాగితే సాగిపోతుంది. కొయ్యకముందే నూలుబట్టను ఉతికి, పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కుట్టిన తరువాత ఇస్త్రీపెట్టెను ఈడ్చకుండా ఎత్తి ఎత్తి అద్దండి.

కోతకు చక్రంలాంటి బ్లేడు వుంటుంది. జపానుకు చెందిన ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చింది. అంతకుముందు ప్రపంచమంతా అట్టముక్క చుట్టూ గీసి కత్తెరతో కోసినదే. బ్లేడు వాడితే కింద దానికోసం వచ్చే మ్యాటు తప్పనిసరి, పని ఆగిన ప్రతిసారీ మూత వెయ్యడం అంతకంటే తప్పనిసరి. పిల్లలున్న ఇళ్లకు కత్తెరే మేలని నా అభిప్రాయం. స్కేలు జారకుండా అడుగున రెండుచోట్ల గరుకు కాగితం ముక్కలు అంటించుకోండి.

అన్ని రకాల స్కేళ్లూ కొనమని నేను చెప్పను. ఒక పొడుగాటిది, ఒక చదరపుది చాలు. త్రిభుజాలు ఎక్కువ కుట్టేవాళ్లు మూడోది కొనుక్కోవచ్చు. ఆరు పలకలకూ వజ్రాలకూ ఇంట్లో పాత ఎక్సురే ఫిల్ము వుండనే వుంది. కొలిచి కోసుకుంటే అట్టలాగా అంచులు నలగవు.

మన ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ 1967లో మొదలైంది. దేశమంతటినుంచీ వచ్చి అక్కడ భూమి కొలవడం నేర్చుకున్నారు. వాళ్లకు మొదట నేర్పేది కొలత ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్నదే అయివుంటుంది. మనకూ అంతే. బట్ట అంచు చూసి మొదలుపెట్టకండి. పడుగు వెంట ఒక వరస తిన్నగా కోసుకుని, ఆ కోత అంచు మీద స్కేలు గీత ఆనించి, అక్కడినుంచి కొలవండి. మొదటి నాలుగు ముక్కలు పాత పోప్లిను మీద కోసి, కుట్టి, కొలిచి చూడండి. అమ్మ చీర పెట్టెలోంచి ఆ తరువాత తియ్యవచ్చు.