తలకోన జలపాతము

గతకార్తికమున నొక సోమవారమునాఁడు మేము నలువురము, పదేండ్ల బాలికను వెంటఁబెట్టుకొని, తిరుపతినుండి తలకోనకుఁ బోయితిమి. భాకరాపేట మీఁదుగా సుమారు 60 కిలోమీటర్ల దారి. కొండయడుగున నున్న సిద్ధేశ్వరస్వామిని సేవించుకొని యడవిబాట పట్టితిమి.

శేషాచలశ్రేణిలోని యీ యరణ్యము 1989లో నేర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానవనము లోనిది. ఎఱ్ఱచందనమున కీ కొండలు పుట్టినిల్లు. ఏనుఁగుతొండమువలె లావైన గిల్లతీఁగ చెట్టునుండి చెట్టునకుఁ బ్రాకి పందిరి వేసినది. దాని కాయ మూరెఁడునకుఁ బైగా పొడవుండును. బాట మలుపు తిరిగినంతనే, 270 అడుగుల యెత్తునుండి నీరు బండలపైకి దుమికి ముత్యపుఁబొడివలెఁ జెదరుట కనఁబడెను. ప్రయాణపుబడలిక యంతయు మఱచితిమి.

క్రింద రాళ్లనడుమ సహజముగా నేర్పడిన మడుఁగులు. ఆ నీరెంత తేటయో! అడుగునఁగల గులకరాళ్లను లెక్కింపవచ్చును. "మోకాలిలోతే, పిన్నీ!" యనుచు బాలిక దిగినది. నాచుపట్టిన బండపైఁ గాలు జాఱి, మఱుక్షణమున మెడవఱకు మునిఁగెను. మాలో నొక్కరికైన నీఁత రాదు! ఒడ్డునఁ గూర్చున్న పల్లెటూరి యవ్వ తన చేతికఱ్ఱ నందించి యామెను లాగినది.

"నీళ్లు తేటగా వుంటే లోతు తెలీదమ్మా. కట్టె దించి చూసి దిగాల" అని మమ్ము మందలించెను.

అవ్వ మాట శాస్త్రసమ్మతము. నీటినుండి గాలిలోనికి వచ్చు వెలుఁగు వంగుటచే, నిట్టనిలువునఁ జూచినను నాలుగడుగుల లోతు మూడడుగులుగాఁ దోఁచును; ఒడ్డునుండి యేటవాలుగాఁ జూచిన నింకను దక్కువ. మఱియొక మాట: మనపై నెండ కాయుచున్నను, మీఁదికొండలలో వాన కురిసినచో మడుఁగులోనికి వఱద యకస్మాత్తుగా రావచ్చును. నీరు బురదరంగునకుఁ దిరిగినంతనే యొడ్డెక్కవలెను.

భయము తీఱిన పిదప, కఱ్ఱతో లోతు చూచుకొని, మోకాలిలోతు నీటఁ గూర్చుండి గడియసేపు స్నానమాడితిమి. ఆ చల్లదనము నెన్నటికిని మఱవలేము. కాని మా సిగ్గును గూడ దాఁచఁజాలము: పెద్దవారము నలువురము దగ్గఱనే యుండియు బిడ్డకు సాయపడలేకపోతిమి. మన బాలికలకు సంగీతము నేర్పుదుము, నాట్యము నేర్పుదుము. ఈఁత మాత్రము మగపిల్లల విద్య యని విడిచిపెట్టుదుము.

తిరిగివచ్చిన నెలలోనే యా బాలిక యీఁత నేర్వఁజొచ్చినది. ఆమెతోపాటు మాలో నిద్దఱము గూడ నీటిలోనికి దిగితిమి.