పార్టు మార్చే ముందు... ఓ పావుగంట!

కంప్యూటర్ స్లో అయిందనగానే మనవాళ్లు చెప్పే మందు ఒక్కటే... ‘ర్యామ్ పెంచు’. దానికీ లొంగకపోతే ‘గ్రాఫిక్స్ కార్డు మార్చెయ్’. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండానే మాత్రలు మింగినట్టు ఉంటుంది ఈ వైద్యం. డిజైనింగ్ చేసే ఫ్రెండ్స్‌కి సిస్టమ్స్ బిగించి ఇవ్వడం, మొరాయిస్తే వెళ్లి చూడటం నాకు కొన్నేళ్లుగా అలవాటు. అందుకే చెప్తున్నా. వేలు పోసి అసెంబుల్ చేయించిన మిషన్ నత్తలా నడుస్తుంటే ముందు కావాల్సింది డబ్బు కాదు, ఓ పావుగంట ఓపిక.

మొన్నటి సంగతే తీసుకోండి. ఖమ్మంలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఫ్లెక్సీలు, శుభలేఖలు డిజైన్ చేస్తాడు వాడు. ‘‘అన్నా, ఆదివారం సీటీసీకి వస్తున్నా. 35 వేలల్లో మంచి గ్రాఫిక్స్ కార్డు చెప్పు. ఈఎంఐలో తీసుకుంటా’’ అన్నాడు. ఎందుకురా అంటే బాధంతా కక్కేశాడు. ఫొటోషాప్‌లో ఓ ఫొటో పక్కకి జరిపితే అర నిమిషానికి కదులుతోందట. అసలే పెళ్లిళ్ల సీజన్. పక్కన కుర్చీలో కూర్చున్న కస్టమర్ కాసేపు చూసి, ‘మళ్లీ వస్తాలే’ అని ఎదురు షాపుకి పోతున్నాడట.

వాడి మిషన్ తక్కువదేం కాదు. 8 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలు, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు. కొని ఎనిమిది నెలలే అయింది. ‘‘కార్డు సంగతి తర్వాత. ముందు వీడియో కాల్ చెయ్’’ అన్నా.

ఎవరి మీద భారం పడుతోంది?

సాఫ్ట్‌వేర్ ఆగిపోయినట్టు అనిపించిన ఆ క్షణంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్, జీపీయూ వరసగా కనిపిస్తాయి. వందకి దగ్గర్లో ఉన్నదెవరో చూడండి. మిగతావాళ్లంతా దాని కోసమే ఎదురుచూస్తున్నారన్నమాట.

మావాడి స్క్రీన్ మీద మెమరీ 97 శాతం, సి డ్రైవ్ 100 శాతం. గ్రాఫిక్స్ కార్డు మాత్రం 3 శాతం! ఖాళీగా కూర్చున్నవాణ్ని తీసేసి, ఎక్కువ జీతానికి ఇంకొకణ్ని పెట్టుకుంటే పని ఎలా అవుతుంది?

సీపీయూ విషయంలో ఓ చిన్న మెలిక ఉంది. ఆటోక్యాడ్, స్కెచ్‌అప్‌లలో గీసేటప్పుడు పనంతా దాదాపు ఒక్క కోర్ మీదే పడుతుంది. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్కటే పూర్తిగా అలసిపోతే మొత్తంగా 6 శాతమే చూపిస్తుంది. ‘సీపీయూ ఖాళీగానే ఉందే’ అని మోసపోతాం. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకుంటే ఒక్కోదాని సంగతి విడివిడిగా తెలుస్తుంది. ఈ పనికి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. రెండర్ కొట్టేటప్పుడు మాత్రం ఎన్ని కోర్లుంటే అంత లాభం.

కొన్న స్పీడు వస్తోందా?

తర్వాత మెమరీ పేజీలో స్పీడ్ చూడమన్నా. బిల్లులో ర్యామ్ 3200 అని ఉంది. అక్కడ 2133 కనిపిస్తోంది. ర్యామ్ తక్కువ స్పీడుతోనే మొదలవుతుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే డబ్బా మీద రాసిన స్పీడు వస్తుంది. బిగించిన షాపువాళ్లు దాని జోలికే పోలేదు. పైగా రెండు ర్యామ్‌లనీ పక్కపక్క స్లాట్లలో పెట్టేశారు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. అప్పుడే రెండూ జంటగా పనిచేస్తాయి. ఎనిమిది నెలలుగా వీడు డబ్బు కట్టిన స్పీడు వీడికి అందనే లేదు!

ఇంకో చోటా చూడండి. మానిటర్ కేబుల్ క్యాబినెట్ వెనక ఎక్కడ గుచ్చారు? యూఎస్‌బీ పోర్టుల వరసలో ఉంటే అది మదర్‌బోర్డుది. కొంచెం కింద అడ్డంగా ఉండేవి గ్రాఫిక్స్ కార్డువి. పైదాంట్లో గుచ్చితే, కొన్న కార్డుని పక్కన కూర్చోబెట్టినట్టే.

అసలు దొంగ ఫైల్లోనే

ఇవన్నీ సరిచేస్తే కొంత తేలికపడింది కానీ రోగం పోలేదు. ‘‘ఇమేజ్ సైజ్ ఎంత పెట్టావో చూపించు’’ అన్నా. 10 అడుగులు, 8 అడుగుల ఫ్లెక్సీ... రిజల్యూషన్ 300!

లెక్క వేయండి. 36,000 ఇంటూ 28,800. వంద కోట్లకు పైగా పిక్సెల్స్. సీఎంవైకేలో పూర్తి సైజున్న ఒక్క లేయరే దాదాపు 4 జీబీ. అలాంటివి ఎన్నో ఉన్నాయందులో. పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 పిక్సెల్స్ దాటితే ఒప్పుకోదు. అందుకే వీడు పీఎస్‌బీలో సేవ్ చేస్తున్నాడు. ఫైలు చెప్తూనే ఉంది, వినేవాళ్లే లేరు.

300 అనేది చేతిలో పట్టుకుని చదివే శుభలేఖకి కావాలి. రోడ్డు అవతలి నుంచి చూసే ఫ్లెక్సీకి 72 చాలు. అప్పుడు ఆరు కోట్ల పిక్సెల్సే. అంటే భారం 17 రెట్లు తగ్గినట్టు.

ర్యామ్ నిండిపోతే ఫొటోషాప్ మిగతా డేటాని డిస్క్ మీద రాసుకుంటుంది. దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటారు. వీడికది సి డ్రైవ్‌లో ఉంది, అందులో మిగిలింది 11 జీబీ. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ఖాళీగా ఉన్న రెండో ఎస్ఎస్‌డీకి మార్పించా. విండో అడుగున స్టేటస్ బార్‌లో ఎఫిషియెన్సీ పెట్టుకుంటే ఎప్పుడైనా తెలుస్తుంది. అది 100 కంటే తగ్గిందంటే డిస్క్ మీద పడుతోందని అర్థం.

మర్నాడు అదే డిజైన్ 72లో చేసి వీడియో పంపాడు. మౌస్‌తో పాటే ఫొటో కదులుతోంది. సీటీసీ ప్రయాణం క్యాన్సిల్!

పొద్దున బాగుండి, తర్వాత స్లో అయితే

అప్పుడు వేడిని అనుమానించండి. ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టెంపరేచర్ చూడొచ్చు. పని మధ్యలో 95, 100 డిగ్రీల దగ్గర తిరుగుతుంటే మిషన్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్యాన్ల దుమ్ము దులపండి. క్యాబినెట్‌ని గోడకి ఆనించొద్దు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేసిన మిషన్లూ ఉంటాయి.

ఇన్నీ చూశాక కూడా జీపీయూ వంద దగ్గరే ఉంటే అప్పుడు కార్డు కొనండి. ఆ ఖర్చుకి ఫలితం కళ్ల ముందే కనిపిస్తుంది. కొత్త మిషన్ చేయిస్తున్నారా? బిల్లు కట్టే ముందు షాపులోనే మూడు అడగండి. ర్యామ్ పూర్తి స్పీడు వస్తోందా? మానిటర్ కేబుల్ కార్డుకే ఉందా? పావుగంట రెండర్ పెడితే వేడి ఎంత? చూపించమంటే మొహమాటం అక్కర్లేదు. డబ్బు మనది.