అచ్చులో పుట్టే గోడ

గోడను కట్టే చోటనే లేపకుండా, వేరొకచోట అచ్చులో పలకలుగా పోతపోసి, గట్టిపడ్డాక తెచ్చి నిలబెట్టే ప్రీకాస్ట్ పద్ధతికి లివర్‌పూల్ నగర ఇంజనీరు జాన్ అలెగ్జాండర్ బ్రోడీ 1905లో ఎల్డన్ వీధి ఇళ్లతో రూపమిచ్చాడు. నగరపు చెత్తను కాల్చగా మిగిలిన చిట్టెమే ఆ పలకల కాంక్రీటులో కంకర స్థానంలో చేరింది కాబట్టి, వ్యర్థాన్ని గోడగా మార్చాలన్న ఆశ ఈ పద్ధతికి పుట్టుకతోనే వచ్చిందని చెప్పవచ్చు. మన దేశంలో విభజన కాందిశీకుల ఇళ్ల కోసం 1948లో ఢిల్లీలో నెలకొల్పిన ప్రభుత్వ గృహనిర్మాణ కర్మాగారమే తర్వాత హిందుస్థాన్ ప్రీఫాబ్ అయింది.

కర్మాగారంలో ఉక్కు అచ్చును శుభ్రంచేసి, నూనె పూసి, చువ్వల అల్లికను, విద్యుత్ గొట్టాలను, ఎత్తడానికి పనికొచ్చే కొక్కేలను ముందే అమర్చి, ఆపైన కాంక్రీటు పోసి కుదిపి ఆవిరితో ఉడికిస్తారు. ఒకే అచ్చు పదేపదే పనికిరావడంతో సెంట్రింగు చెక్క, నీరు, వృథా తగ్గుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో ఇళ్లకు వాడిన షియర్‌వాల్ పద్ధతిని చాలామంది దీనితో కలిపి చూస్తారు గాని, అందులో గోడను స్థలంలోనే అల్యూమినియం అచ్చుల మధ్య పోస్తారు. పలకలను జతచేసే పని అక్కడ ఉండదు.

నిజానికి ప్రీకాస్ట్‌కు ప్రాణం ఆ అతుకే. 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తున గ్యాసు పేలి ఒక గోడపలక బయటికి తన్నుకుపోగా, దాని మీద ఆనిన అంతస్తులన్నీ ఒక మూలన వరసగా కూలి నలుగురు మరణించారు. పలకలు గట్టివే, వాటిని కలిపిన అతుకులే బలహీనమైనవి. అతుకులో పోసే గ్రౌటు, అనగా సందుల్లోకి జారే పలుచని సిమెంటు మిశ్రమం, మూసుకుపోయాక కంటికి కనబడదు. అందుచేత మూయకముందే పరీక్షించే అలవాటు మేస్త్రీ నుంచి ఇంజనీరు దాకా అందరికీ ఉండాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 15916 ఇలాంటి నిర్మాణాలకు నియమాలిచ్చినా, వాటిని చదివి పని చేయించేవారు చిన్న పట్టణాల కాంట్రాక్టర్లలో అరుదు, పరిశ్రమకు కావలసిన అవగాహన అక్కడే మొదలు కావాలి.

వేరొకచోట సిద్ధమైన పలకలను తెచ్చి జతచేసే ఈ ఆలోచన కడప జిల్లాకు కొత్తది కాదు. గనిలో కోసిన నాపబండలను దూలాల మీద పరచి, సందులు సున్నంతో పూడ్చి, పైన మట్టి కప్పిన మిద్దెలు చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు తెలిసినవే. ఎర్రగుంట్ల సిమెంటూ, ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిదా దగ్గరలోనే దొరుకుతాయి. సిమెంటులో సున్నపురాయిని కాల్చి చేసే క్లింకరును కొంత తగ్గించి ఆ బూడిద కలిపితే, ఆ కాల్పులో వెలువడే బొగ్గుపులుసు వాయువూ తగ్గుతుంది.

అయితే మూడు మీటర్ల పొడవు, అంతే ఎత్తు, 15 సెంటీమీటర్ల మందం గల పలక మూడు టన్నులకు పైగా తూగుతుంది. దాన్ని ఎత్తే క్రేను పాతవూరి సందుల్లోకి రాదు. అలాంటి చోట్లకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన పైకప్పు తగినది: సన్నని ప్రీకాస్ట్ దూలాలు, వాటి మధ్య కూలీలు చేతులతో మోయగలిగే చిన్న పలకలు, అన్నిటినీ కలుపుతూ పైన పోసే పలుచని కాంక్రీటు పొర. దూలం, బండ వరస తెలిసిన మేస్త్రీ ఇక్కడ కొత్తగా నేర్వవలసింది ఆ పైపొరలోని చువ్వల అమరికను, అతుకుల్లో కాంక్రీటు నింపే తీరును మాత్రమే.